వేలు ఆగని దారి

మొన్న పార్సిల్ విప్పగానే వార్నిష్ వాసన గుప్పుమంది. బల్లమీద యుద్ధాల ఆట ఆడేవాళ్ళకి నేను పటాలు గీస్తాను. వాళ్ళు నేలని చదరపు చెక్కలుగా చేసుకుంటారు. ఒకదానిమీద కాలవ, ఒకదానిమీద రోడ్డు, ఇంకోదానిమీద తోట. తిప్పి కలిపినకొద్దీ కొత్త ఊళ్ళు తయారవుతాయి. గళ్ళు గీసిన గోడమీది పటంలో రెండు సైన్యాలు ఎక్కడ ఎదురుపడితే, ఆ చోటుని ఈ చెక్కలతో బల్లమీద కట్టి, బొమ్మ సైనికులతో ఆడతారు. తన చెక్కలకి తగ్గ పటం కావాలని ఒకాయన పంపిన పార్సిల్ అది. ఆ వాసనకి నాకు కొత్తపేటలో సలోమి టీచరుగారి వసారా గుర్తొచ్చింది.

అప్పట్లో నేను ఇళ్ళస్థలాల ప్లాన్లు గీసే షాపు నడిపేవాణ్ణి. సోషల్ చెప్పి రిటైరయిన ఆవిడ ఓ రోజు షాపుకొచ్చి, "పటం ఒకటి గీసిపెట్టాలి బాబూ" అన్నారు.

"ఏ ఊరిదండీ?"

"లేని ఊరిదండి."

పెద్దావిడ వేళాకోళమాడుతున్నారనుకున్నాను. అయినా ఆ లేని ఊరేదో చూడకపోతే నాకు నిద్ర పట్టదు. ఆదివారం చర్చి అయ్యాక వాళ్ళింటికి వెళ్ళాను. వసారాలో పెద్ద బల్ల. ఇటు టీచరుగారు, అటు ఆవిడతో ఏళ్ళ తరబడి ఆడుతున్న కొబ్బరి వ్యాపారి సత్తిబాబుగారు. చెక్కలన్నీ ఆవిడ చేత్తో చేసినవే. రోడ్డుకి జల్లించిన గోదావరి ఇసుక, తోటకి కొబ్బరి పీచు, కాలవకి నున్నటి వార్నిష్. వేసవిలో ఆడబోయే కొత్త యుద్ధానికి పటం కావాలన్నారు.

"ఒక్కటే షరతు బాబూ. పటంలో ఏ గడి మీద వేలు పెట్టినా, అది ఈ చెక్కలతో కట్టగలగాలి."

ఓస్ ఇంతేనా అనుకుని, వారం తిరక్కుండా రంగురంగుల పటం పట్టుకెళ్ళాను. తీరా కట్టబోతే మొదటి గడే కుదరలేదు. నేను రోడ్లన్నీ కాలవగట్ల మీదే వేశాను. ఆవిడ చెక్కల్లో వంతెన దగ్గర తప్ప కాలవా రోడ్డూ ఒకచోట ఉండవు. ఎటు తిప్పినా పక్క చెక్కతో కలవాలని రెండింటినీ అంచుకి సరిగ్గా మధ్యలోంచే బయటికి తీశారావిడ.

"గట్టు మీద కాకపోతే రోడ్డు ఇంకెక్కడుంటాదండీ?" అన్నారు సత్తిబాబుగారు అమాయకంగా. పుట్టి బుద్ధెరిగాక కాలవ పక్కన తప్ప రోడ్డు చూడని మనుషులం మరి.

నాకు పౌరుషం వచ్చింది. కాలవా, పక్కనే రోడ్డూ ఉన్న చెక్క నేనే చేసి తెచ్చాను. ఒకలా పెడితే పక్క చెక్కమీది రోడ్డుతో కలవలేదు. తిప్పి పెడితే రోడ్డు నేరుగా వెళ్ళి కాలవలో పడింది. "అంచు దగ్గర రంగు కలిపేస్తే కనపడదులెండి" అన్నాను. టీచరుగారు నా చెక్కమీద వేలు నడిపించారు. అంచు దగ్గర ఆ వేలు ఆగిపోయింది.

"నాకు రంగు తెలీడం లేదు బాబూ" అన్నారు మామూలుగా. "చూపు పోతోందనీ, ఇక రాదనీ డాక్టరుగారు చెప్పేసేరు. వేలికి తెలిస్తే ఆడతాను. తెలియకపోతే ఈ బల్ల తీసేయడమే."

సత్తిబాబుగారు మొహం పక్కకి తిప్పుకున్నారు. ఆయనకి ముందే తెలుసు. నా ప్రాణం ఉసూరుమంది.

ఆ పటం చింపేశాను. చెక్కలన్నీ వసారాలో పరుచుకుని, కళ్ళు మూసుకుని తడుముతూ, కలుపుతూ, వేలు ఆగకుండా నడిచిన చోటునే కాగితం మీదికి ఎక్కించాను. వింతేమిటంటే, నా సొంత తెలివితో గీసినదానికంటే ఆ దేశమే బాగుంది. కాలవని వదిలేసిన రోడ్డు ఎక్కడికి పోతుందో నాకే తెలియదు. తోటలో దూరి, నేను అనుకోని చోట వంతెన దగ్గర తేలేది. పటాన్ని టీచరుగారు నాచేత గడిగడీ చదివించుకుని కంఠతా పట్టేశారు.

మొదటి ఆటలో ఆవిడ వేలు ఇసుక మీంచి పీచులోకి, పీచులోంచి వంతెన మీదికి ఆగకుండా వెళ్ళింది. "ఇలా వస్తే మీ సైన్యం వెనక్కి వచ్చేస్తాను కదండీ?" అన్నారు.

సత్తిబాబుగారు వంగి చూసుకుని, "ఆయ్, వచ్చేస్తారండీ" అని ఒప్పుకున్నారు. అప్పుడు ఆవిడ మొహంలో వెలుగు చూసి నాకు ఏడుపొచ్చినంత పనైంది. ఆవిడ పోయేదాకా ఆ బల్ల తియ్యలేదు.

నేను గీసిన పటం ప్రకారం నిన్న ఆ కొత్త చెక్కలు పేర్చి చూసి, పంపినాయనకి ఫోన్ చేశాను. ఒకచోట దారి వెంట్రుకవాసిలో కలవడం లేదు, ఆ చోటు మార్చి మళ్ళీ గీస్తానన్నాను. "వెంట్రుకవాసి తేడా ఎవరికి కనపడుతుందండీ?" అన్నారాయన. నిజమే, నాకూ కనపడలేదు. కళ్ళు మూసుకుని చూస్తే వేలు ఆగింది.