మైకు ముందు పలకని పేరు

నిన్న పొద్దున్న ఫోన్ మోగింది. అవతల నా నేస్తం కొడుకు.

"మావుసీ, అమ్మ పోయింది" అన్నాడు. మావుసీ అంటే ఒడియాలో పిన్ని.

ఫోన్ పట్టుకుని అలాగే కూర్చుండిపోయాను. స్టవ్ మీద పాలు పొంగిపోయాయి.

మాది అరవైల చివర్లో మొదలైన స్నేహం. వాళ్ల నాన్నగారు మా ఊరి రైల్వే గేటుకి డ్యూటీ మీద వచ్చారు. ఒడియా కుటుంబం. మా ఇద్దరికీ పదేళ్లు. ఒకరిని విడిచి ఒకరం ఉండేవాళ్లం కాదు. చూసి చూసి మా మామ్మ ఇద్దరినీ శ్రీకూర్మం తీసుకెళ్లి, ప్రసాదం ఒకరి చేత ఒకరికి తినిపించి నేస్తం కట్టించింది.

"ఈయాల్టి నుంచి మీరు నేస్తాలు. పేరెట్టి పిలుసుకోకూడదు, తెలిసిందా" అంది.

ఆ ఏడాదే ఒరిస్సా బోర్డర్లోని మా వైపు ఊళ్లలో భాష గొడవలు. "ఒడియావోళ్లకి ఇక్కడేటి పని" అని గేటు దగ్గర అరిచి పోయేవాళ్లు. భయపడి వాళ్లమ్మ తనని బడి మాన్పిస్తానంది.

జనవరి ఇరవై ఆరుకి స్కూల్లో రాష్ట్రాల వేషాలు. తనని ఒరిస్సా కమ్మన్నారు.

"నాను ఆంధ్రా అవుతాను సార్" అంది. మహా మొండిది.

అయితే ఒరిస్సా నేనే అన్నాను. వాళ్లమ్మ నాకు తన చీర కట్టి, పాదాలకి పారాణి పెట్టింది. మా మామ్మ తనకి జడకుచ్చులు వేసింది.

స్టేజీ మీద పక్క పిల్ల చెయ్యి పట్టుకుని, మైకులో ఆమె పేరూ రాష్ట్రమూ చెప్పాలి. తను నా చెయ్యి పట్టుకుని ఆగిపోయింది.

"పేరు చెప్పవే" అని హెడ్మాస్టారు గద్దించారు.

"సెప్పకూడదు సార్. ఇది నా నేస్తం."

గేటు దగ్గర అరిచినవాళ్లూ ముందు వరసలో ఉన్నారు. నేస్తం కట్టడమంటే ఏమిటో వాళ్లకీ తెలుసు. ఒక్కరూ నవ్వలేదు.

అరుపులు పూర్తిగా ఆగాయని చెప్పను గానీ, తను బడి మానలేదు.

పెళ్లయ్యాక తను బరంపురం, నేను విజయనగరం. మొన్నటిదాకా రోజూ వాట్సాప్ కాల్. "నేస్తం, తిన్నావా" అనేదే మొదటి మాట.

నన్ను అమ్మా అనేవాళ్లున్నారు, మామ్మా అనేవాళ్లున్నారు. నేస్తం అని పిలిచేది తనొక్కతే.

ఈ రోజు తను కాల్ చేసే టైముకి ఫోన్ పక్కన పెట్టుకుని కూర్చున్నాను. ఎందుకో నాకే తెలీదు. చాలా ఒంటరిగా ఉంది.

"అమ్మ గురించి పెట్టే పోస్టులో తన పేరు రాయి మావుసీ" అన్నాడు వాళ్లబ్బాయి.

టైప్ చేశాను. ఎవరో తెలియని మనిషి పేరులా కనిపించింది. తీసేశాను.

అంతమంది ముందు తను నా పేరు పలకలేదు. నేనూ పలకను.

వెళ్లిరా నేస్తం. అక్కడ నీకు ప్రశాంతంగా ఉండాలి.