పోతరాజు ఛాతీ మీద మూడోది

మా మామకు మోకాళ్లు అరిగిపోయాక, బోనాల్లో అమ్మవారి ముందు ఒళ్లంతా పసుపు పూసుకుని కొరడాతో ఆడే పోతరాజు వేషం నాకొచ్చింది. తొమ్మిదో తరగతిలోనే బడి మానేసిన నాకు దొరికిన మొదటి ప్రమోషన్ అది. జీతం లేదు, చొక్కా కూడా లేదు.

ఆ చొక్కా దగ్గరే వచ్చింది చిక్కంతా. నాకు ఎడమ చనుమొన కింద ఇంకోటి ఉంది. కందిగింజంత, పుట్టుకతో వచ్చినది. అమ్మ దాన్ని పుట్టుమచ్చ అనేది. చిక్కడపల్లిలో నేను వెక్కిరించని బట్టతల లేదు, బొజ్జ లేదు. వాళ్లంతా బోనాల రోజు ఫోన్లు పట్టుకుని నా ఎదురుగా నిలబడతారు. నిద్ర పట్టలేదు.

కోయించేసుకుందామని నారాయణగూడలో చర్మం డాక్టరమ్మ దగ్గరికెళ్లాను.

"మేడం, జర ఇది తీసేయుండ్రి. ఎక్స్‌ట్రా ఫిట్టింగ్."

ఆవిడ నవ్వుతూనే వేలితో నొక్కి చూసింది. "ఇది మచ్చ కాదు బాబూ, చనుమొనే. కడుపులో బిడ్డ తయారయ్యేటప్పుడు ఇవి పుట్టే గీత రెండు పక్కలా చంక నుంచి గజ్జ దాకా వస్తుంది. తర్వాత చాలా భాగం మాయమైపోతుంది. ఎక్కడైనా కాస్త మిగిలితే ఇదిగో, ఇలా."

"అంటే కుక్కకున్నట్టు వరుసగ రావాల్సింది, నాకు ఒక్కదాంతోనే ఆగిందా? రోగం గాదా?"

"కాదు. మిగతా రెండింటికి వచ్చే జబ్బులు దీనికీ రావచ్చు, అంతే. గడ్డ కట్టినా, రక్తమో నీరో కారినా వెంటనే రా. కొందరికి కిడ్నీల్లో తేడా ఉండొచ్చంటారు, అది అందరూ ఒప్పుకున్న మాట కాదు. తీసెయ్యమంటే తీసేస్తాను. అవసరం మాత్రం లేదు."

మంచం దిగి చొక్కా తొడుక్కున్నాను. ఏ హానీ చెయ్యని దాన్ని జనం నోళ్లకు భయపడి కోయించుకోవడమా? అందులోనూ, అందరి నోళ్లూ మూయించే నేనా?

బోనాల రోజు అశోక్‌నగర్‌లో తన ఇంట్లో మామ నాకు పసుపు పూస్తున్నాడు. ఛాతీ మీద ఆయన చెయ్యి ఆగిపోయింది.

"ఏందిరా ఇది?"

"మూడోది మామా. డాక్టరమ్మ పాస్ చేసింది."

"ఇన్నేండ్లు చెప్పలేదేందిరా! పసుపు మందంగ పెట్టి కప్పేయాల్నా?"

"వద్దు. దాని మీద కుంకుమ బొట్టు పెట్టు. పెద్దది."

డప్పులు మొదలయ్యాయి. వీధిలోకి దూకానో లేదో, నా చేత రోజూ మాటలు పడే మంగలి షాపు అన్న అరిచాడు.

"అరే, వీనికి మూడున్నయేందిరా!"

"అవునన్నా! నీకు రెండే ఇచ్చిండా దేవుడు? పాపం!"

జనం గొల్లుమన్నారు. అన్న కూడా. కొరడా ఝళిపించి, గుడి దాకా ఛాతీ విరుచుకునే ఆడాను.