పక్కింటి కాపలా

మెడలో కొలతల టేపు లేకుండా ఆవిడని చూసినవాళ్ళు ఆ వీధిలో ఒక్కరూ లేరు. వంట చేసేటప్పుడూ మెడలోనే, ఆస్పత్రికి వెళ్ళినా మెడలోనే. అందుకని పెద్దవాళ్ళకి టేపక్క, పిల్లలకి టేపత్త అయిపోయింది. మొగుడు బస్సు డ్రైవరు. కోపం వచ్చినా, మురిపెం వచ్చినా ఆయన కూడా "ఏం టేపక్కా!" అనే పిలిచేవాడు. ఏది కోపమో ఏది మురిపెమో ఆవిడకొక్కదానికే తెలిసేది.

వీధి కొండ అంచున మొదలై కిందికి దిగుతుంది. ఒకే వరసలో పద్నాలుగు ఇళ్ళు. కొండకి అన్నిటికన్నా దగ్గరగా ఉన్నది టేపక్క ఇల్లు. దాని పెరట్లో, విడిగా, చెక్క గోడల కుట్టు గది. ఇరవై ఆరేళ్ళుగా ఆవిడ ఆ గదిలోనే కూర్చుంది. ఒక కాలు మిషను మీద, ఒక కాలి వేలికి ఉయ్యాల తాడు, అలా ఇద్దరు పిల్లల్ని పెంచేసింది. ఇంట్లో ఏం పోయినా ఫరవాలేదు, ఆ గది మాత్రం చల్లగా ఉండాలనేది. "నా వస్తువైతే ఏడ్చి ఊరుకుంటా. జనం నమ్మి ఇచ్చిన బట్టలుంటాయి అక్కడ" అనేది.

రెండో ఇల్లు లెక్కల మాస్టారిది. ఆయనకీ ఈవిడకీ మూడేళ్ళుగా మాటల్లేవు. కారణం ఒక ప్యాంటు. మాస్టారి రిటైర్మెంటు సభ కోసం టేపక్క కుట్టిన ప్యాంటు రెండంగుళాలు పొట్టిదైంది. గ్రూపు ఫోటోలో మాస్టారి ముఖం కన్నా ముందు ఆయన మేజోళ్ళు కనిపిస్తాయి. కొలత తప్పు తీసిందని ఆయన. కొలతిచ్చిన రోజు నడుం కిందికి జార్చుకుని, సభ రోజు బొడ్డు పైకి లాక్కున్నాడని ఈవిడ. ఇద్దరూ పట్టిన పట్టు విడవలేదు. చెప్పుకోవలసినవేమన్నా ఉంటే పాపం మాస్టారి భార్య అటూ ఇటూ మోసేది.

కిందటి ఎండాకాలం పక్క కొండ మీద కార్చిచ్చు లేచి ఎనిమిది ఇళ్ళు బూడిదయ్యాయి. ఫైర్ స్టేషన్ ఆఫీసరు వచ్చి వీధి జనాన్ని కూర్చోబెట్టి చెప్పాడు. ఇళ్ళని కాల్చేది మంట కాదు, మంట కన్నా ముందు గాలిలో ఎగిరొచ్చే నిప్పురవ్వలు. చూరు మీద ఎండుటాకులు, గోడకి ఆనించిన కట్టెలు, మూల పడేసిన పాత పరుపులు, ఇవి లేకపోతే సగం గండం గడిచినట్టే. అందరూ తలలూపారు. వారం తరవాత చూస్తే ఒక్క ఇంట్లో ఒక్క పుల్ల కదల్లేదు.

అప్పుడు టేపక్క అందరినీ తన వాకిట్లోకి పిలిచింది.

"ఎవరి ఇల్లు వాళ్ళు చూసుకోవద్దు. మన ఇంట్లో చెత్త మన కంటికి ఆనదు. విరిగిన కుర్చీ చూస్తే, రేపు బాగుచేయిద్దాంలే అనిపిస్తుంది. అదే పక్కింటివాళ్ళదైతే, ఇదింకా ఎందుకు దాచారర్రా అంటాం. కాబట్టి ఎవరికి వాళ్ళు తమ దిగువ ఇల్లు చూడండి. చూసేవాళ్ళు ఏది తీసెయ్యమంటే అది తీసెయ్యాలి. ఎదురు చెప్పకూడదు."

బట్టలు కత్తిరించే కాగితం మీద సుద్దతో పద్నాలుగు డబ్బాలు గీసి, ఒక్కో డబ్బా నుంచి కిందిదానికి బాణం గుర్తు వేసింది. చివరి ఇంట్లో ఉండే సెలూన్ తమ్ముడు చెయ్యెత్తాడు.

"మరి నా కింద ఇల్లే లేదు కదక్కా?"

"నువ్వు వీధి నీళ్ళ ట్యాంకు చూడు. ఎప్పుడూ నిండుగా ఉండాలి."

అందరికీ పని దొరికింది. జనం నవ్వుకుంటూ లేచిపోయారు. నిప్పు వస్తే ఏం చెయ్యాలన్నది కూడా ఆ రోజే అనుకున్నారు: ఎవరు చూసే ఇంటి దగ్గర వాళ్ళు నీళ్ళ పైపుతో నిలబడాలి, ఏం జరిగినా అక్కణ్ణుంచి కదలకూడదు.

ఆ ఏడాదంతా వీధిలో జరిగిన తగువులు చెప్పుకుంటే ఒక పుస్తకం అవుతుంది. ఆరో ఇంటి నర్సమ్మ, తన కింది ఇంటివాళ్ళ తాతగారి మంచం రోడ్డు మీదికి లాగించింది. మాస్టారు మూడో ఇంటి కట్టెల గూడు కదిలించేదాకా వాళ్ళని కాఫీ తాగనివ్వలేదు. టేపక్కకి పడిందేమో మాస్టారి ఇల్లాయె! ఆవిడ ఆదివారం ఆదివారం నిచ్చెనేసుకుని ఎక్కి, చూరు వెంట నీళ్ళు పోయే రేకు కాలవలో ఆకులన్నీ ఊడ్చి, గోడ పక్క పెరిగిన ఎండుగడ్డి కోసి, మాస్టారికి వినపడేలా మాస్టారి భార్యతో అనేది, "వదినా, ఆ పాత పేపర్ల కట్టలు రేపటికల్లా ఇక్కడ ఉండకూడదని చెప్పు." మాస్టారు కిటికీలోంచి చూసేవాడు. మర్నాటికి కట్టలు ఉండేవి కాదు.

తన ఇల్లు చూడ్డానికి ఎవరు రావాలో ఆవిడ ఒక్కనాడూ ఆలోచించలేదు. గది కిటికీ కింద గుడ్డపేలికల సంచులు పెరుగుతున్నాయి. ఎవరి ఇల్లు వాళ్ళు చూసుకోవద్దని చెప్పిన మనిషి కదా, చూసుకోలేదు.

ఈ ఎండాకాలం కొండ మీద పొగ లేచింది మధ్యాహ్నం రెండింటికి. గాలి వీధి వైపే ఉంది. బస్సు డ్రైవరు పిల్లల్నీ, ముసలివాళ్ళనీ బస్సెక్కించి కింద బడికి తీసుకుపోయాడు. ఫైరింజన్లు రావడానికి ముప్పావుగంట పడుతుందన్నారు. మిగిలినవాళ్ళు పైపులు తీసుకుని ఎవరి చోట వాళ్ళు నిలబడ్డారు.

టేపక్క మాస్టారి చూరుకి నిచ్చెన వేసి, సగం మెట్ల మీద నిలబడి కప్పంతా తడుపుతోంది. రవ్వలు మొదలయ్యాయి. ఒకటి పడగానే నీళ్ళు, ఇంకోటి పడగానే నీళ్ళు. చేతులు లాగేస్తున్నాయి. అప్పుడు, ఊపిరి తీసుకోవడానికి తల తిప్పితే, తన పెరడు కనిపించింది. గుడ్డపేలికల సంచి మీద చిన్న మంట.

"మా ఇంటి దగ్గర ఎవరున్నారు?" అని అరిచింది.

ఎవరూ పలకలేదు. మరుక్షణం కాగితం మీది బాణాలన్నీ ఆవిడ కళ్ళముందు తిరిగాయి. అన్నీ తన ఇంటి నుంచి కిందికే. పైకి ఒక్కటి లేదు.

నిచ్చెన దిగితే ఇరవై అడుగులు. గదిలో మిషను ఉంది, నలభై జతల బట్టలున్నాయి. కానీ ఇక్కడ రవ్వలు ఆగడం లేదు. మాస్టారి కప్పు అంటుకుంటే మూడో ఇల్లు, ఆ తరవాత నాలుగోది, అలా వరసంతా పోతుంది. ఒక కాలు కింది మెట్టు మీద పెట్టింది. మళ్ళీ పైకి తీసుకుంది. గది వైపు చూడకుండా, ఏడుస్తూ, మాస్టారి ఇంటిని తడుపుతూనే ఉంది.

ఫైరింజన్లు వచ్చేసరికి గది లేదు. ఇటుక గోడల ఇల్లు కాబట్టి ఇల్లు మిగిలింది, పెరటి వైపు గోడ నల్లబడి, చూరంతా కాలిన కొమ్మలు పడి. మిగతా పదమూడు ఇళ్ళకీ పెచ్చు కూడా ఊడలేదు.

మర్నాడు సాయంత్రం వీధంతా ఆవిడ వాకిట్లోనే చేరింది. ఎవరికీ తల ఎత్తే ముఖం లేదు. "మాకు తట్టలేదక్కా" అని సెలూన్ తమ్ముడు కళ్ళు తుడుచుకున్నాడు.

"గీసినదాన్ని నాకే తట్టలేదు, మిమ్మల్నేం అంటాను?" అంది టేపక్క.

వెనకనుంచి మాస్టారు లేచి నిలబడ్డాడు. మూడేళ్ళ తరవాత ఆయన గొంతు ఆవిడ కోసం పెగిలింది.

"నాకు తట్టింది. పద్నాలుగు ఇళ్ళు, పదమూడు బాణాలు. మీరు గీసిన రోజే చూశాను."

టేపక్క ఆయన వైపు తిరిగింది.

"మరి చెప్పలేదేం మాస్టారూ? మీ ఆవిడ చేతైనా చెప్పించొచ్చుగా?"

"చెప్పిస్తే నేనే ముందు తగ్గినట్టవుతుందని. ఇవాళ చెబుదాం, రేపు చెబుదాం అని ఏడాది గడిపాను. మీరు మాత్రం నా ఇంటి మీదే..."

టేపక్కకి కోపం వచ్చింది. మామూలు కోపం కాదు. ఈ మనిషి ఒక్క మాట అని ఉంటే మిషను ఉండేది, బట్టలుండేవి. ఆయన్ని దులిపెయ్యాలని నోటిదాకా వచ్చింది. కానీ ఎదురుగా నిలబడ్డాయన మెడ వంచుకుని, తప్పు చేసిన పిల్లాడిలా చొక్కా అంచు నలుపుకుంటున్నాడు. ఆవిడకి కోపమూ పోలేదు, ఆయన్ని చూస్తే జాలీ ఆగలేదు.

"ఇకమీదట మా ఇల్లు నేనే చూసుకుంటానర్రా" అని బస్సు డ్రైవరు లేవబోయాడు.

"మీరు కూర్చోండి" అంది టేపక్క. "ఎవరి ఇల్లు వాళ్ళు చూసుకోకూడదని ఎన్నిసార్లు చెప్పాలి? మా ఇల్లు మాస్టారికి రాయండి."

జనం నోరెళ్ళబెట్టారు.

"అదేంటక్కా, ఆయనకా?" అంది నర్సమ్మ.

"ఆయనకే. నా లోపం వీధిలో అందరికన్నా ముందు కనిపించేది ఆయనకే కదా! అయితే మాస్టారూ, ఇకనుంచి కనిపించింది నోటితో చెప్పాలి. మీ ఆవిడ నోటితో కాదు, మీ నోటితో."

మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. పెట్టుకుని, ఆవిడ చూరు వైపు చూసి, మెల్లగా అన్నాడు.

"ఆ మూల రెండు కొమ్మలు ఇంకా ఉన్నాయమ్మా."

"చూశారా, మొదలుపెట్టారు" అంటూ టేపక్క కళ్ళు తుడుచుకుని లేచింది. "పదండి. నిచ్చెన నేను పట్టుకుంటాను."