ముఖానికే సార్

ఇది ఎవరికీ చెప్పలేదు. పాస్టరు గారికి కూడా. ఇన్నేళ్ళు మోశాను. దించుకునే చోటు దొరక్క కాదు, దించితే నలుగురికీ కనిపిస్తుందని.

బహ్రెయిన్‌లో, మహూజ్‌లో, శాంతమ్మక్కా నేనూ ఒకే గదిలో ఉండేవాళ్ళం. ఆమె ఈసా టౌన్‌లో ఒక స్కూల్లో ఊడ్చి తుడిచే పని చేసేది. నేను కుట్టు షాపులో. ఆ ఎండకి, మందపాటి యూనిఫాం ప్యాంటుకి ఆమెకి తొడలు ఒరుసుకుపోయేవి. పొద్దున్నే స్నానం చేసి నడుం కింద టాల్కం పౌడరు చల్లుకునేది. బాత్రూం గచ్చంతా తెల్లగా అయ్యేది. నేను రోజూ పోట్లాడేదాన్ని.

నాకు పోట్లాట కొత్త కాదు. లిఫ్టు ఆగినా, మా తెలుగు చర్చి ఫెలోషిప్‌లో భోజనం చివరి వరసకి చాలకపోయినా నేనే అడిగేదాన్ని. అక్కడ సెలవు శుక్రవారమే; ఒక శుక్రవారం ఆరాధన అయ్యాక అలా అడుగుతుంటే అక్క నవ్వుతూ, "దీన్ని పరలోకానికి తీసుకెళ్తే అక్కడా కుర్చీ బాలేదని కంప్లైంటు పెడుతుంది" అంది. అందరూ పగలబడి నవ్వారు. అప్పట్నించి నా పేరు కంప్లైంటమ్మ. పేరు పెట్టినవాళ్ళు మర్చిపోయి ఉంటారు. నేను మర్చిపోలేదు.

తర్వాత అక్కకి అండాశయంలో క్యాన్సర్ అన్నారు. ఫెలోషిప్‌లో మెల్లగా ఇంకో మాట మొదలైంది. దాచుకున్న పాపం ఏదైనా ఉందేమో, ఒప్పుకుంటే స్వస్థత వస్తుందేమో అని. అక్క రోజంతా తన పాపమేమిటా అని వెతుక్కునేది.

రెండువేల తొమ్మిది ప్రాంతంలో, నడుం కింద చల్లుకున్న పౌడరు వల్లే ఇలాంటి క్యాన్సర్ వచ్చిందని అమెరికాలో ఎవరో కంపెనీ మీద కేసు వేశారని వినబడింది. మనామాలో ఒక లాయరు అలాంటి వాళ్ళ వివరాలు తీసుకుంటున్నాడని ఎవరో చెప్పారు.

"డబ్బుల కోసం కాదే" అంది అక్క. "అది నా పాపం కాదని ఒక్క మనిషి అంటే చాలు. కానీ మగాడి ముందు ఆ మాట నా నోట రాదు. నీకు నోరుంది. నువ్వు చెప్పు."

వెళ్ళాం. లాయరు హిందీలో అడిగాడు: పౌడరు ఎక్కడ రాసుకునేది? నడుం కింద కూడానా? అక్క తల దించుకుని నా చున్నీ కొస పట్టుకుంది. నాకు ఆ శుక్రవారం నవ్వులు వినిపించాయి. ఇప్పుడు కావలసి వచ్చిందా నా నోరు?

"ముఖానికే సార్" అన్నాను. "మెడకి కొంచెం."

ముఖానికే అయితే కేసు నిలవదన్నాడు.

మెట్లు దిగుతుంటే అక్క నా చెయ్యి పట్టుకుంది. "పోనీలేవే. నీకూ సిగ్గేసిందిలే. ఆడదానివి కదా."

"అవునక్కా" అన్నాను.

సిగ్గా? వీసా ఇచ్చిన యజమాని, కఫీల్‌తోనే గొంతు పెంచి మాట్లాడే నాకా? పైన గదిలో చెప్పిన అబద్ధం పెద్దదా, మెట్ల మీద ఒప్పుకున్న ఈ సిగ్గు పెద్దదా అని ఎన్నిసార్లు తూచానో. ఆమె నన్ను క్షమించేసింది, కానీ నేను చెయ్యని తప్పుకి. చేసినదాన్ని నేను బయటపెట్టలేదు.

ఆ చలికాలం ఆమెని వాళ్ళ ఊరు ఏలూరు పంపించేశారు. వెళ్ళే రోజు, నిలబడలేని నీరసంలో, బాత్రూం గచ్చు కడిగింది. "ఇంక నీకు కంప్లైంటు ఉండదులే" అని నవ్వింది. ఆ నవ్వులో వెటకారం ఉందేమో అని అప్పుడు కూడా వెతికాను. లేదు. మళ్ళీ ఆమెని చూడలేదు. ఈస్టర్ ముందు పోయిందని కబురొచ్చింది. ఆ పాపం ఏమిటో చివరిదాకా వెతుక్కుందో, మానేసిందో అడిగే ధైర్యం నాకు లేకపోయింది.

జబ్బు పౌడరు వల్లే వచ్చిందో కాదో నాకు తెలియదు. నిజం చెప్పినా కేసు నిలిచేదో లేదో. పరలోకంలో కుర్చీ మాట ఇప్పటికీ గుచ్చుకుంటుంది, మర్చిపోయానని మీకు ఇంకో అబద్ధం చెప్పను. క్షమించమని మిమ్మల్ని అడగను. అది మీ చేతిలో లేదు. ఆ రోజు ఆ గదిలో అనాల్సింది ఇవాళ అంటున్నాను, అంతే.

సార్, ముఖానికి కాదు. నడుం కింద. రోజూ. నేను చూశాను. ఆ గచ్చు గురించి పోట్లాడిందాన్ని నేనే.