మంగళవారం పదకొండు గంటలు

తొంభైల చివరి మాట. హౌరాలో ఒక చిన్న కౌన్సెలింగ్ కేంద్రంలో చేరి నాకు రెండేళ్ళయింది. అక్కడ తెలుగు వచ్చినదాన్ని నేనొక్కదాన్నే. లిలువా, సంత్రాగాఛిల నుంచి వచ్చే మనవాళ్ళందరినీ నా గదికే పంపేవారు. బజారులో బెంగాలీ గడగడా మాట్లాడే ఆడవాళ్ళు కూడా కష్టం మాత్రం తెలుగులోనే చెప్పుకునేవారు. తెలిసినవాళ్ళ కేసులు తీసుకోకూడదని మాకో నియమం ఉండేది. లిలువా రైల్వే క్వార్టర్స్‌లో పుట్టి పెరిగినదాన్ని. ఆ నియమం పాటిస్తే నా ఎదుట కూర్చునేవాళ్ళే ఉండరు.

ఆ వానాకాలంలో అమ్మ పోయింది. పరామర్శకు వచ్చినవాళ్ళలో సగం మంది నా గదిలో కూర్చుని వెళ్ళినవాళ్ళే. ఐదో రోజు ఒకావిడ వచ్చింది. భర్త మునిసిపాలిటీలో వీధులు ఊడ్చేవాడు, క్షయతో మంచం పట్టాడు. ఆర్నెల్లుగా ఆవిడ ప్రతి మంగళవారం పదకొండు గంటలకు నా గదికి వచ్చేది. అమ్మ గురించి రెండు మాటలు చెప్పి, భర్త దగ్గు సంగతి మొదలుపెట్టింది. నేను తలూపాను. "తర్వాత?" అని కూడా అడిగాను. చివరికి, చావింట్లో చెయ్యాల్సినట్టే, వెళ్తానని చెప్పకుండా లేచింది. నేనే అలవాటుగా అన్నాను: "వచ్చే మంగళవారం మళ్ళీ రండి."

ఆవిడ గుమ్మంలో ఆగిపోయింది.

"ఏటే అది!" అంది మా పెద్దమ్మ. "సావింటికి మళ్ళీ రమ్మంతారేటి? సదివిన సదువు ఇదేనేటి?"

"పోన్లెండమ్మా, పిల్ల అలిసిపోనాది," అంది ఆవిడ. నా ముఖం మాత్రం చూడలేదు.

మళ్ళీ రమ్మంటే ఇంకో చావును పిలిచినట్టు. ఇంట్లో రోగి ఉన్న మనిషితో ఆ మాటన్నాను.

కర్మలయ్యాక పనిలోకి వెళ్ళాను. మంగళవారం పదకొండయింది, పదకొండున్నరయింది, ఆవిడ రాలేదు. భయపడాల్సింది, సిగ్గుపడాల్సింది. నాకు హాయిగా అనిపించింది. తర్వాతి మనిషి కూడా రాకపోతే బాగుండుననుకున్నాను.

సాయంత్రం మా కేంద్రం నడిపే పెద్ద దీదీ దగ్గరికి వెళ్ళి ఆర్నెల్లు సెలవు అడిగాను.

"మరి నీ తెలుగువాళ్ళని ఎవరు చూస్తారు?" అంది.

నిష్ఠూరంగా కాదు, నిజంగా తెలియకే అడిగింది. ఎవరూ లేరు. తెలిసే దరఖాస్తు రాసిచ్చాను.

ఆ మంగళవారపు ఆవిడ ఇల్లు మాకు రెండు వీధుల అవతలే. క్షమించమని అడగడానికైనా వెళ్ళలేదు. వెళ్తే కూర్చోమంటుంది. కూర్చుంటే వినాలి.