యాకూబ్ చిచ్చా ముందు సీటు దిగలేదు

శుక్రవారం జుమా నమాజుకు కాళ్లూ చేతులూ కడుక్కుని వజూ చేసుకుంటుండగా దవాఖాన నుంచి ఫోన్ వచ్చింది. మా నాన్నగారి తమ్ముడు, మా చిచ్చా మహమ్మద్ యాకూబ్ ఇక లేరన్నారు. చేతుల తడి ఆరకముందే దవాఖానకు పరుగెత్తాను. ఇచ్చినవాడే వెనక్కి పిలుచుకున్నాడని నోరు పలికింది గాని గుండె ఇప్పటికీ ఒప్పుకోవడం లేదు. విరిగిన పక్కటెముకలతో, పగిలిన తలతో పడి ఉన్నా ఆయన మాతో జోకులు వేస్తూనే ఉన్నారు. కోలుకుంటున్నారనే అనుకున్నాం. లోపల నెత్తురు గడ్డకడుతున్న సంగతి మాకు తెలియలేదు.

ఆయన దెబ్బలు తిన్న తీరు గురించి జనం తలా ఒక విధంగా చెప్పుకుంటున్నారు. ఆ రోజు ఆ కారులో నేనున్నాను. సాక్ష్యం దాచడం పాపమని మసీదులో పిల్లలకు పాఠం చెప్పేవాణ్ణి, కనుక కన్నది కన్నట్టు రాస్తున్నాను.

కేసముద్రం మార్కెట్‌లో చిచ్చాకు రైతుల పత్తిని కమీషన్ మీద అమ్మిపెట్టే అడ్తి దుకాణం, సుబేదారిలో ఇల్లు. భారీ మనిషి, గోరింటాకు పెట్టిన గడ్డం, మైకు అక్కరలేని గొంతు. నమాజు తప్పి ఎరుగరు. ఈ లోకంలో ఆయనకున్న వ్యామోహం ఒక్కటే, ఆ చిన్న కారు. ఏదో వార్షికోత్సవం సందర్భంగా కంపెనీ కొద్ది బండ్లే తయారుచేసి ఆ నమూనాను ఆపేసింది. మీగడ రంగు కప్పు, ముదురు ఎరుపు ఒళ్లు, స్టీరింగ్ పక్కన వరుస సంఖ్య చెక్కిన ఇత్తడి బిళ్ల. తలుపులు రెండే. వెనక కూర్చోవాలంటే ముందు సీటు మడిచి దూరవలసిందే. ముందు కూర్చున్నవాడు లేవకపోతే వెనకవాడు దిగలేడు.

దుకాణం ఎదుటి హోటల్ రాజమల్లుకు ఆ కారు నిత్యవినోదం. "ఏం యాకూబ్ భాయ్, అత్తరు డబ్బకు చక్రాలు పెట్టించినవా? నీ అసుంటి లావోడు ఎక్కుతడని తెలిస్తే కంపెనోడు ఆ బండే చెయ్యకపోవు!"

"నువ్వెక్కుతవని భయపడే తొందరగ బంద్ పెట్టిండ్రురా," అనేవారు చిచ్చా.

మా ఇమాం సాబ్ కూడా ఒకసారి మెత్తగా మందలించారు. "యాకూబ్ సాబ్, నొసలు నేలకు ఆనిచ్చి సజ్దా చేస్తాంటే గూడ కారే యాదికొస్తదా?"

"కారు యాదికొస్తే ఇచ్చినోడు యాదికొస్తడు, హజ్రత్," అని తల వంచుకున్నారు చిచ్చా. ఆ మరుసటి వారం నుంచి కారు తుడవడం జుమా తర్వాతికి మార్చుకున్నారు.

ఆయన శాంతమూర్తి అని రాస్తే అబద్ధమవుతుంది. మొన్నటి పత్తి సీజన్లో ఒక కొనుగోలుదారు మనిషి, బస్తాలు లాగే ఇనుప కొక్కెం ఒక ముసలి రైతు అరచేతిలో దింపాడు. బేరం కుదరలేదన్న కోపం. రైతు కేక వినగానే చిచ్చా దుకాణంలోంచి దూకి, ఆ మనిషి మెడ దొరకబుచ్చుకుని, పక్కనే ఉన్న తన కారు బానెట్ మీద వాడి తల వేసి మోదారు. ఎరుపు మీద నెత్తురు కనిపించలేదు గాని రేకు మాత్రం గిన్నెలా నొక్కుకుపోయింది. వాడిని హమాలీలు మోసుకుపోతుంటే చిచ్చా బానెట్ నిమురుతూ, "వాని తలకాయకు కుట్లు పడ్తయి, దీనికేం పడ్తయిరా?" అని కళ్లనీళ్లు పెట్టుకున్నారు.

మరునాడు వాడి ఇంటికే బయలుదేరారు. వద్దన్నాను. "అల్లాహ్ తన హక్కు తను మాఫ్ చేస్తడు బేటా. మనిషి హక్కు ఆ మనిషే చెయ్యాలె. నేను కొట్టింది వాన్ని. వాని గడప తొక్కాల్సిందే," అన్నారు. వాడు తలకు కట్టుతో బయటికి వచ్చి నోటికొచ్చినట్టు తిట్టాడు. చిచ్చా గేటు దగ్గర నిలబడి అన్నీ పడ్డారు. చివరికి వాడే, "కూసో సేటూ, చాయ్ తాగిపో," అన్నాడు.

ఆ బానెట్ కోసమే మేం స్టేషన్ ఘన్‌పూర్ దారి పట్టాం. మామూలు నమూనా బానెట్ ఈ కారుకు అతకదు. ఘన్‌పూర్ అవతలి పల్లెలో ఒక రైతు అచ్చం అలాంటి బానెట్‌నే బోరు మోటారు తడవకుండా కప్పి పెట్టాడని ఎవరో చెప్పారు. దారి పొడవునా చిచ్చా పెళ్లిచూపులకు పోతున్నంత ఉల్లాసంగా ఉన్నారు.

ఊరి మొదట్లో గుంపు అడ్డం వచ్చింది. నడుమ ఒక ముసలామె మట్టిలో పడి ఉంది. పేరు లచ్చమ్మ అని తర్వాత తెలిసింది. చేతబడి చేసిందని కొడుతున్నారు. నోటితో మంత్రం పలకకుండా పళ్లు పీకాలని ఒకడు పటకారు పట్టుకుని ఆమె రొమ్ము మీద మోకాలు ఆనించి కూర్చున్నాడు. ముందు పళ్లు అప్పటికే పోయాయి. గడ్డం నుంచి మెడ దాకా నెత్తురు, మన్ను.

చిచ్చా కారు దిగగానే గుంపు పక్కకు జరిగింది. "సాయిబు వచ్చిండు! తొవ్వియ్యుండ్రి!" అని కేకలు వేశారు. మంత్రం విరగ్గొట్టడానికి ఎక్కడి నుంచో ఒక సాయిబును పిలిపించారట. టోపీ, ఎర్రగడ్డం, వింత కారు చూసి ఆయనే ఈయన అనుకున్నారు. చిచ్చా నేరుగా వెళ్లి లచ్చమ్మను రెండు చేతుల మీద ఎత్తుకుని, సీటు మడిచి, వెనక పడుకోబెట్టారు. పట్టుకోవడానికి నేనూ వెనక్కి దూరాను. అదీ పూజలో భాగమే అనుకుని ఎవరూ అడ్డుకోలేదు.

చిచ్చా స్టీరింగ్ ముందు కూర్చోగానే, పసివాణ్ణి భుజాన వేసుకున్న ఒక యువకుడు అద్దం దగ్గరికి వచ్చాడు. "సాయిబూ, నా కొడుక్కు జరం దిగుతలేదు. ఈ ముండే చేసింది. మంత్రం తీసినవా?"

"తీసిన అనుండ్రి చిచ్చా, పోదాం," అని వెనక నుంచి గొణిగాను.

ఆ ఒక్క మాటతో మేం ముగ్గురం క్షేమంగా బయటపడేవాళ్లం. కాని ఆ మాట అంటే లచ్చమ్మ మంత్రగత్తె అని ఒప్పుకున్నట్టే. సృష్టికర్తకే చెందిన శక్తిని తనకు అంటగట్టుకున్నట్టే. చిచ్చా ఆ పిల్లవాడి నుదురు తాకి చూశారు.

"తమ్మీ, నేను మంత్రగాన్ని కాదు, పత్తి అడ్తి నాది. నా తాన ఏ మంత్రం లేదు. ఈమె తాన గూడ లేదు. బాగుచేసేటోడు పైనొక్కడే. పోరని ఒళ్లు కాలుతాంది, బండెక్కు, దవాఖానకు పోదాం."

ఆ తండ్రి నోరు తెరిచేలోపే గుంపులోంచి అరుపు లేచింది. "వీడు మనం పిలిచినోడు కాదు! ముసల్దాన్ని తీస్కపోతాండు!"

మొదటి రాయికి ముందు అద్దం పొడి అయింది. టైర్లలో కత్తులు దిగాయి. కట్టెలతో, గునపాలతో కప్పు మీద బాదుతుంటే రేకు మా తలల మీదికి కుంగుతూ వచ్చింది. లచ్చమ్మను లాగాలంటే ముందు సీటు మడవాలి. చిచ్చా స్టీరింగ్ చక్రంలో చేయి దూర్చి, ఇంకో చేత్తో పక్క సీటును అదిమిపట్టి కూర్చున్నారు. గడ్డం పట్టుకుని ఈడ్చారు. గునపం మొనతో పక్కలో పొడిచారు. ఎముక విరిగిన చప్పుడు నాకు వినపడింది.

"దిగురా! సీటు ఇడువు!"

"పానం ఉండంగ దిగ."

తల పగిలి నెత్తురు కళ్లలోకి కారుతున్నా ఆయన పెదవులు అల్లాహ్ పేరు తలిచే జిక్ర్ ఆపలేదు. పోలీసు జీపు వచ్చేసరికి ఆయన వేళ్లు సీటు గుడ్డలోకి దిగబడి ఉన్నాయి. ఒక్కొక్కటే విడదీసి దించాం. కారు ఇనుప ముద్ద అయింది.

దవాఖానకు ఆ ఊరి పెద్దమనుషులు రాజీకి వచ్చారు. కేసు వద్దంటే కారు కొనిస్తామన్నారు. చిచ్చా పక్కలు పట్టుకుని నవ్వారు. "అసుంటిది యాడికెల్లి తెస్తరు? పోనీండ్రి, కారు మాఫ్. నా ఇరిగిన బొక్కలు మాఫ్. లచ్చమ్మ పండ్లు నాయి కావు గదా, నేనెట్ల మాఫ్ చేస్త? పోయి ఆమెనడుగుండ్రి." వాళ్లు ఆమె దగ్గరికి పోలేదు. జ్వరం పిల్లవాడిని మాత్రం చిచ్చా పట్టుబట్టి అదే దవాఖానలో చేర్పించారు. వాడు బతికాడు.

సత్యం కోసం ప్రాణాలొడ్డినవారి కథలు నేను మసీదులో బయాన్ ప్రసంగాల్లో ఎన్నో చెప్పాను. మా ఇంట్లో, మాతో అన్నం తిన్న మనిషిలో ఆ తెగువను చూస్తానని అనుకోలేదు. ఆ గొంతు లేని సుబేదారి ఇల్లు మాకు పరాయిదిగా ఉంది. అటువంటి పెద్దదిక్కు మాకు మళ్లీ దొరకడు.

జనాజా నమాజుకు ముందు ఇంటివాళ్లు ఒక మాట అడగడం మా ఆచారం. వరుసలు నిలిచాక నేను ముందుకు వచ్చి, "మా చిచ్చా ఎవరి మనసైనా నొప్పించి ఉంటే అల్లాహ్ కోసం మాఫ్ చేయండి. ఎవరికైనా ఫిర్యాదు ఉంటే ఇప్పుడే చెప్పండి," అన్నాను. సాధారణంగా అందరూ, "మాఫ్, మాఫ్," అంటారు. అలాగే అన్నారు.

"నాకున్నది," అన్నది మసీదు గేటు బయటి నుంచి ఒక గొంతు.

లచ్చమ్మ. చెల్లెలి భుజం పట్టుకుని నిలబడింది. పళ్లు లేని నోట మాటలు తడబడుతున్నాయి గాని అందరికీ వినపడ్డాయి.

"ఈ పండుముసల్దాని కోసం అంతటి పానం ఇడిసిండు. ఇడిసేముందు నన్నొక్క మాట అడిగిండా? నేను మాఫ్ చెయ్య అయ్యా. పైకి పోయినంక నేనే అడుగుత."

  ఇమాం సాబ్ ఆమె వైపు ఒకసారి చూసి, కళ్లు తుడుచుకుని, ఆమెను మాఫ్ చేయమని అడగకుండానే చేతులెత్తి తక్బీర్ చెప్పి నమాజు మొదలుపెట్టారు.