తిట్టని కంప్యూటర్

2017 జూన్‌లో పాలిటెక్నిక్ ప్రవేశాల కౌన్సెలింగ్ కోసం శ్రీకాకుళంలోని మా కాలేజీలో పెట్టిన హెల్ప్‌లైన్ కేంద్రానికి నన్ను కో-ఆర్డినేటరుగా వేశారు. అప్పటికి నేను ఎలక్ట్రానిక్స్ విభాగాధిపతిని. పదవీ విరమణకు ఇంకా రెండేళ్ళుంది. కో-ఆర్డినేటరంటే పెద్ద హోదా ఏమీ కాదు. పదో తరగతి పాసైన పిల్లల సర్టిఫికెట్లు తనిఖీ చేయించి సంతకం పెట్టడం, ఎక్కడ ఏ పొరపాటు జరిగినా ఆ సంతకం పెట్టినందుకు మాట పడడం, అంతే.

పని రెండు చోట్ల జరిగేది. హాల్లో సర్టిఫికెట్ల పరిశీలన అయ్యాక, విద్యార్థి ఇచ్చిన మొబైల్‌కు లాగిన్ నంబరు వచ్చేది. దాంతో పక్క ల్యాబ్‌లో కూర్చుని పాస్‌వర్డ్ పెట్టుకుని, చేరాలనుకున్న కాలేజీలను వరుసలో ఎంచుకోవాలి. వాటినే ఆప్షన్లంటారు. గడువులోగా ఎన్నిసార్లైనా మార్చుకోవచ్చు. చివరి రోజు సాయంత్రం ఐదింటికి ఏ జాబితా ఉంటే అదే ఖాయం. కాబట్టి పాస్‌వర్డ్ ఎవరి దగ్గరుంటే సీటు వాళ్ళ చేతిలో ఉన్నట్టే. ఈ మాట నేను రోజూ మైకులో చెప్పేదాన్ని. చెప్పడం వేరు, తెలియడం వేరని ఆ వారంలోనే తేలింది.

ఆ ఏడాది మొదట్లో బ్రౌజర్లకు ఒక కొత్త అలవాటు వచ్చింది. చిరునామా పక్కన తాళం గుర్తు లేని పేజీలో పాస్‌వర్డ్ అడిగితే, ఆ గడి కిందే హెచ్చరిక చూపించేవి. ఈ కనెక్షన్ సురక్షితం కాదు, ఇక్కడ ఇచ్చే లాగిన్ వివరాలు ఇతరుల చేతికి పోవచ్చు అని దాని సారాంశం. మా కాలేజీ హాజరు పేజీ పాతకాలపుది, తాళం లేనిది. మార్చి నుంచీ రోజూ ఆ హెచ్చరికే. స్టాఫ్ వచ్చి అడిగితే, ఏం కాదు, కానివ్వండి అని పంపేసేదాన్ని. నలుగురికి చెప్పగా చెప్పగా ఆ మాట నాకే నమ్మకమైపోయింది.

కౌన్సెలింగ్ మూడో రోజు ల్యాబ్ అసిస్టెంటు అప్పారావు హాల్లోకి వచ్చి, లాగిన్ పేజీలో హెచ్చరిక వస్తోందని పిల్లలు భయపడుతున్నారన్నాడు. పోయి మళ్ళీ వచ్చాడు. మూడోసారి వచ్చేసరికి నా ముందు క్యూ వరండా దాటింది, నా ఓర్పూ దాటింది. ల్యాబ్ మూలన పాత ఒకటో నంబరు సిస్టమ్ ఉంది కదా, దానికి కొత్త బ్రౌజరు ఎక్కదు, హెచ్చరికా రాదు, భయపడేవాళ్ళని అక్కడ కూర్చోబెట్టమన్నాను. ఒక తెల్లకాగితం మీద నేనే ఆ సంగతి రాసి గోడకు అంటించమని ఇచ్చాను. లేచి ఇరవై అడుగులు వేసి, ఏ పేజీ గురించి గొడవో చూడలేదు. పిల్లలు ఆ మూల సిస్టమ్‌కు తిట్టని కంప్యూటర్ అని పేరు పెట్టారట. దాని ముందు ఎప్పుడూ క్యూ ఉండేదని అప్పారావు తర్వాత చెప్పాడు.

గడువు రోజు పదకొండింటికి సముద్రపు ఒడ్డునున్న భావనపాడు నుంచి పోలమ్మ అనే ఆమె కూతురు నూకరత్నాన్ని వెంటబెట్టుకుని వచ్చింది. రెండు రోజుల కిందట ఈ పిల్ల మొదటి ఆప్షన్‌గా శ్రీకాకుళం ప్రభుత్వ మహిళా పాలిటెక్నిక్ పెట్టుకుంది. వచ్చిన ర్యాంకుకు సీటు దాదాపు ఖాయం. గడువు రోజు ఒకసారి చూసుకుందామని వస్తే పాస్‌వర్డ్ పనిచేయడం లేదు. నా లాగిన్‌తో జాబితా చూడగలను గానీ మార్చలేను. తెరిచి చూశాను. మహిళా పాలిటెక్నిక్ లేదు. వేరే జిల్లాలోని ఒకే ప్రైవేటు కాలేజీ పేరు, దానిలోని బ్రాంచీలన్నీ వరసగా ఉన్నాయి.

"ఏటి మేడమ్ ఇది? నాను ఎట్టనేదు ఇవి," అంది పిల్ల. గొంతు సన్నగా ఉంది కానీ ఏడవలేదు.

పోలమ్మ నా బల్ల మీదికి వంగింది. "సూడమ్మా, గవర్నమెంటు హాస్టల్లో సీటొస్తేనే సదువు. దూరాబారం పంపి ఫీజులు కట్టలేం. రాపోతే సోమవారం నుంచి రొయ్యల షెడ్డులో పనికి ఎల్తాది. మా ఆయన మాటంటే మాటే."

ఎవరికైనా పాస్‌వర్డ్ చెప్పావా అని అడిగాను. కాస్త కటువుగానే అడిగాను. ఎవరికీ చెప్పలేదంది. సంచిలోంచి మడత కాగితం తీసింది. మా గేటు దగ్గర పంచిన కరపత్రం. మీ ర్యాంకుకు ఏ కాలేజీ వస్తుందో తెలుసుకోండి అని, కింద ఒక వెబ్‌సైటు చిరునామా. అందులో లాగిన్ నంబరు, పాస్‌వర్డ్ అడిగిందట.

"ముందు ఇంకో కంప్యూటర్లో కొట్టినాను మేడమ్. ఎర్రగా వార్నింగ్ వొచ్చింది. గోడ మీద రాసినారు కదా, అందుకే మూలదాని కాడికెల్లి కొట్టినాను."

ముప్పై మూడేళ్ళు సర్క్యూట్లు చెప్పినదాన్ని, పదిహేనేళ్ళ పిల్ల ముందు తల ఎత్తలేకపోయాను.

ల్యాబ్‌లోకి వెళ్ళి, కొత్త సిస్టమ్‌లో ఆ చిరునామా నేనే కొట్టి, ఆ హెచ్చరికను మొదటిసారి పూర్తిగా చదివాను. సామాన్య పాఠకులకు ఇక్కడ ఒక మాట చెప్పాలి. చిరునామా ముందు తాళం ఉంటే మనం కొట్టినది కవరులో పెట్టి అంటించినట్టు వెళుతుంది. లేకపోతే పోస్టుకార్డు మీద రాసినట్టే, దారిలో ఎవరైనా చదవచ్చు. అయితే కవరు అంటించినంత మాత్రాన అందుకునేవాడు మంచివాడని కాదు. ఈ పేజీకి రెండు జబ్బులూ ఉన్నాయి. తాళం లేదు, మారిన జాబితాను బట్టి చూస్తే నడిపేవాళ్ళు ఆ ప్రైవేటు కాలేజీ తాలూకు మనుషులు. బ్రౌజరు చెప్పగలిగింది మొదటి జబ్బు గురించే. కానీ ఆ ఒక్క మాటకు ఆగి పైన చిరునామా చూసినా, అది కౌన్సెలింగ్ సైటు కాదని తెలిసేది. అసలు సైటుకు తాళం ఎప్పుడూ ఉంది. ఆగిన పిల్లను నేనే పక్క సిస్టమ్‌కు పంపి ముందుకు నడిపించాను.

లోపలికి వెళ్ళాక పాస్‌వర్డ్ మార్చడానికి పాతది తెలిస్తే చాలు. కరపత్రం వాళ్ళు అలాగే మార్చేశారు. మరచిపోయామని చెప్పి కొత్తది పెట్టుకోవాలంటే మాత్రం మొదట ఇచ్చిన మొబైల్‌కు ఓటీపీ వస్తుంది, పది నిమిషాలే చెల్లుతుంది. ఆ మొబైల్ తండ్రి రాములుది.

"ఆడు ఏటకెల్నాడమ్మా," అంది పోలమ్మ. "తెల్లారకముందే బోటెక్కినాడు. పోను పాలితీను కవర్లో సుట్టి ఒల్లోనే ఎట్టుకుంతాడు. సిగ్నలుండదు."

మొబైల్ నంబరు మార్చాలంటే దరఖాస్తు, హాల్‌టికెట్, గుర్తింపు కార్డు జతచేసి రాష్ట్ర కార్యాలయానికి పంపాలి. జవాబుకు ఒక రోజు పడుతుంది. మా దగ్గరున్నది ఆరు గంటలు. పోలమ్మ తన తమ్ముడికి ఫోన్ చేసి, "ఒరే, బేగి ఒడ్డుకి ఎల్లి నిలబడు. బావ రాగానే పోను సెయ్యించు," అంది.

ఈలోగా ల్యాబ్ రిజిస్టరు తెప్పించాను. ఎవరు ఏ సిస్టమ్ మీద కూర్చున్నారో అందులో ఉంటుంది. ఒకటో నంబరు మీద కూర్చున్న పిల్లలందరికీ, పాస్‌వర్డ్ మార్చుకుని జాబితా సరిచూసుకోమని, అప్పారావూ నేనూ వరసగా ఫోన్లు చేశాం. గోడ మీది కాగితం చింపేశాను. రాష్ట్ర కార్యాలయానికి జరిగినది జరిగినట్టు మెయిల్ రాశాను. ఒంటిగంటకు రావలసిన బోటు రాలేదు. రెండున్నరకూ రాలేదు. తల్లీకూతుళ్ళు నా గదిలో తెచ్చుకున్న సద్ది తిన్నారు. నేను మిగతా పిల్లలకు ఫోన్లు చేస్తూనే ఉన్నాను.

మూడు దాటి నలభై నిమిషాలకు పోలమ్మ ఫోన్ మోగింది. అవతల తీరం మీద చేపల వేలంపాట అరుపులు నాకూ వినిపిస్తున్నాయి. తమ్ముడు బావ ఫోన్ తన చేతిలో ఉందని, నంబరు రాగానే తానే చదువుతానని అంటున్నాడు. నూకరత్నం తల్లి చేతిలోంచి ఫోన్ తీసుకుంది.

"మావా, నువ్వొద్దు. జనం మజ్జిన సదవొద్దు. నానకియ్యి. పక్కకెల్లి మెల్లగా సెప్పమను."

రాములు పక్కకు నడిచిన శబ్దం, అరుపులు సన్నబడడం తెలిశాయి. ముగ్గురం ల్యాబ్‌లోకి నడిచాం. పిల్ల మూలదాని వైపు చూడనైనా చూడకుండా కొత్త సిస్టమ్ ముందు కూర్చుంది. చిరునామా వేలితో అక్షరం అక్షరం చూసుకుంది, తాళం గుర్తు చూసుకుంది. అప్పుడు, పాస్‌వర్డ్ మరచిపోయామని నొక్కి నేను ఓటీపీ పంపించాను, ఆయన ఒక్కో అంకె చెబుతుంటే పిల్ల కొట్టింది. కొత్త పాస్‌వర్డ్ దగ్గరకు వచ్చేసరికి చేయి ఆపి నా వైపు తిరిగింది.

"మేడమ్, ఏటనుకోకండి. మీరు కూడా అటు తిరగండి."

తిరిగాను. నా వెనక కీబోర్డు చప్పుడు విన్నాను. నాలుగూ పదిహేనుకు మహిళా పాలిటెక్నిక్ మొదటి వరసలోకి వచ్చింది.

ఆ వారం ఒకటో నంబరు మీద కూర్చున్న మిగతా పిల్లలు గడువులోగా సరిచేసుకున్నారు, ఒకరి ఇంట్లో మాత్రం ఐదింటి వరకూ ఎవరూ ఫోన్ ఎత్తలేదు. ఆ అబ్బాయికి ఆ ప్రైవేటు కాలేజీయే వచ్చింది. నేను స్వయంగా వాళ్ళ ఊరు వెళ్ళి రెండో విడతకు దరఖాస్తు పెట్టించాను, కానీ కోరుకున్న బ్రాంచి దొరకలేదు. నా నివేదికలో, హెచ్చరికను తప్పించే దారి చూపింది కో-ఆర్డినేటరేనని రాశాను. పై నుంచి సంజాయిషీ అడిగారు, ఇచ్చాను. కరపత్రం పంచినవాళ్ళ మీద ఏ చర్య తీసుకున్నారో నాకు తెలియరాలేదు.

యంత్రం అభ్యంతరం చెప్పినప్పుడు నోరు మూయించే దారి వెతకడం మాలాంటి అనుభవజ్ఞుల తప్పు. హెచ్చరించని యంత్రం సురక్షితమైనదనుకోవడం పిల్లలు మా దగ్గర నేర్చుకున్న తప్పు. ఆ తర్వాత మిగిలిన రెండేళ్ళూ ఎవరు వచ్చి స్క్రీన్ మీద ఏదో వచ్చిందని చెప్పినా, లేచి వెళ్ళి అక్కడ ఏం రాసి ఉందో చదివేదాన్ని. దానికి పట్టేది ఒక నిమిషం.